పేపర్ టేప్ రీడర్‌లో పాత టేపు నడిపితే కాసేపటికి చెత్త అక్షరాలు వస్తున్నాయి, రీడర్ పాడైందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మోడల్ 33 ఏఎస్ఆర్ టెలిటైప్, అంటే కీబోర్డ్, ప్రింటర్, కాగితపు టేపులో చిల్లులు పొడిచే పంచ్, ఆ చిల్లులు చదివే రీడర్ అన్నీ కలిసి ఉన్న పాత టైపు యంత్రం, ఒకటి దొరికింది, కీబోర్డ్ మీద టైప్ చేస్తే బాగానే కొడుతోంది, కానీ ఎడమ పక్కనున్న టేప్ రీడర్‌లో పాత టేపు పెడితే మొదటి రెండు మూడు లైన్లు సరిగ్గా వచ్చి ఆ తర్వాత చెత్త వస్తోంది, ఒక్కోసారి ఒకే అక్షరం వరసగా పడిపోతోంది, కంప్యూటర్‌కి కలిపితే మధ్యమధ్యలో అక్షరాలు మాయం అవుతున్నాయి. రీడర్ విప్పి చూడాలా లేక నేను నడపడంలోనే తప్పుందా అని అడిగారు.

విప్పొద్దు. ఇంకా అక్కడిదాకా రాలేదు. మొదటి లైన్లు సరిగ్గా వచ్చాయంటే పిన్నులు, కాంటాక్టులు పనిచేస్తున్నట్టే. తర్వాత చెడుతోందంటే టేపు స్వేచ్ఛగా కదలట్లేదు, ఎక్కడో లాగుడు పడుతోంది. ఒకే అక్షరం వరసగా పడటం కూడా అదే, కాకపోతే ఇంకాస్త ముదిరింది. కంప్యూటర్ దగ్గర అక్షరాలు పోవడం మాత్రం పూర్తిగా వేరే సంగతి, దానికి రీడర్‌తో సంబంధం లేదు, కంప్యూటర్ వైపు సెట్టింగులు చూడాలి. ఈ రెండిటినీ కలిపి వెతికితే వారాలు పోతాయి, నాకు పోయాయి కాబట్టి చెప్తున్నా.

ముందు లోపల ఏం జరుగుతోందో చెప్తాను, అది తెలిస్తే మిగతాది మీరే పట్టుకుంటారు. ప్రతి అక్షరానికీ ఎనిమిది పిన్నులు స్ప్రింగ్ బలంతో కింద నుంచి పైకి లేస్తాయి. చిల్లు ఉన్నచోట పిన్ను లోపలికి దూరుతుంది, కాగితం ఉన్నచోట ఆగిపోతుంది. ఆ తేడాని కాంటాక్టులు పట్టుకుని డిస్ట్రిబ్యూటర్‌కి ఇస్తాయి, అది ఒక స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, రెండు స్టాప్ బిట్లు, మొత్తం 11 వరసగా లైన్ మీదకి పంపుతుంది. పిన్నులు దిగాక పళ్ళ చక్రం టేపుని ఒక్క అడుగు, అంటే అంగుళంలో పదో వంతు ముందుకి జరుపుతుంది. ఇదంతా సెకనులో పదో వంతులో అయిపోతుంది. సెకనుకు 10 అక్షరాలు, అక్షరానికి 11 బిట్లు, అందుకే 110 బాడ్, అంటే సెకనుకు 110 బిట్లు. అంగుళానికి 10 అక్షరాలు కాబట్టి టేపు సరిగ్గా సెకనుకు ఒక అంగుళం నడవాలి. స్కేలు పక్కన పెట్టి గడియారం చూస్తే చాలు, రీడర్ స్పీడు సరిగ్గా ఉందో లేదో తెలిసిపోతుంది, పరికరాలు ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు ఆలోచించండి, టేపు చుట్ట నేల మీద పడి ఉంది, మొదటి కొన్ని అంగుళాలు వదులుగా ఉన్నాయి, అవి అయిపోయాక చుట్ట బరువంతా ఆ చిన్న చక్రం పళ్ళ మీద పడుతుంది. పళ్ళు పట్టుకునే ఫీడ్ చిల్లు చాలా చిన్నది, 0.046 అంగుళం, డేటా చిల్లు 0.072 అంగుళం. కాగితం మందం అంగుళంలో వెయ్యింట నాలుగు వంతులు. అంత పల్చటి కాగితంలో అంత చిన్న చిల్లు పట్టుకుని చుట్టంతా లాగమంటే చిల్లు సాగిపోతుంది. సాగాక టేపు రవ్వంత వెనకబడుతుంది, పిన్ను చిల్లు అంచుకి తగులుతుంది, లోపలికి దూరదు, ఒక బిట్ పోతుంది. ఇంకా సాగితే టేపు అసలు కదలదు, చక్రం తిరుగుతూ ఉంటుంది, పిన్నులు అదే వరసని మళ్ళీ మళ్ళీ చదువుతాయి. మీకు ఒకే అక్షరం వరసగా పడింది అందుకే.

అందుకని రీడర్ చేత టేపు లాగించొద్దు. రీడర్‌కి టేపు చేత్తో అందిస్తున్నట్టు ఉండాలి, లోపలికి వెళ్ళే ముందు ఎప్పుడూ ఒక జానెడు వదులు వేలాడుతూ ఉండాలి. చిన్న టేపు అయితే మొత్తం విప్పి ఒక గిన్నెలోనో పెట్టెలోనో వదులుగా పడేయండి, పై చివర నుంచి మొదలుపెట్టండి. పెద్ద చుట్ట అయితే తేలిగ్గా తిరిగే ఇరుసు మీద పెట్టి పక్కన నిలబడి చేత్తో విప్పుతూ ఉండండి. విసుగే, ఒప్పుకుంటాను. 1000 అడుగుల నిండు చుట్ట అంటే లక్షా ఇరవై వేల అక్షరాలు, అది ఈ స్పీడులో చదవాలంటే మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. అయినా అంతసేపూ దగ్గర ఉండాల్సిందే, ఎందుకంటే ఈ రీడర్‌కి తను చదివేది తప్పో ఒప్పో తెలీదు, పిన్నులకి ఏది దొరికితే అది పంపేస్తుంది. తప్పు వచ్చిందని ఆగదు, టేపు చివరికొచ్చాకే టేప్-అవుట్ పిన్ను చూసి ఆగుతుంది.

టేపు పెట్టే పద్ధతి చాలామంది తప్పు చేసేది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మోటారు తిరుగుతున్నా పర్లేదు కానీ మెషిన్ నాబ్ లైన్‌లో (బయటి లైన్‌కి కలిపి) కాకుండా లోకల్‌లో (తనలో తానే నడిచేలా) పెట్టండి. రీడర్ లీవర్‌ని ఫ్రీలోకి తోయండి, ఇప్పుడు పళ్ళ చక్రం చేత్తో తిరుగుతుంది. మూత గొళ్ళెం తీసి పైకెత్తండి. టేపు చూస్తే ఫీడ్ చిల్లుల వరస సరిగ్గా మధ్యలో ఉండదు, ఒకవైపు మూడు ట్రాకులు, ఇంకోవైపు ఐదు ఉంటాయి. రీడర్‌లో పిన్నులు కూడా అలాగే ఉంటాయి, చక్రానికి ఒక పక్క మూడు, ఒక పక్క ఐదు. మూడుని మూడు మీద పెట్టండి. మొదట ఖాళీగా ఉండే భాగం, అంటే ఫీడ్ చిల్లులు మాత్రమే ఉండే లీడర్, అది పిన్నుల మీద ఉండాలి, మొదటి అక్షరం కాదు. పళ్ళు చిల్లుల్లో కూర్చున్నాయని వేలితో టేపుని మెల్లగా ముందుకీ వెనక్కీ కదిపి చూడండి, చక్రం కూడా కదిలితే కూర్చున్నట్టు. అప్పుడు మూత వేసి క్లిక్ మనేదాకా నొక్కండి, లీవర్ స్టాప్‌కి తెచ్చి, ఆ తర్వాతే స్టార్ట్. మూత సగం పడితే టేపు పైకి లేచి బిట్లు పోతాయి, ఇది నేను చూసిన వాటిలో చాలా మామూలు తప్పు.

మూడు-ఐదు చూసుకుంటే చాలని ఒకప్పుడు నేనూ అనుకునేవాణ్ణి. ఒకాయన నా దగ్గరికి టేపు తెచ్చి అక్షరాలన్నీ సరైనవే వస్తున్నాయి కానీ ఒక్క మాటా అర్థం కావట్లేదు, ఏదో రహస్య లిపిలో ఉంది అన్నాడు. ప్రింట్ తీసుకుని కుడి నుంచి ఎడమకి చదివితే మామూలు ఉత్తరమే. టేపుని బోర్లా తిప్పి, చివర నుంచి పెట్టాడు. ఒక్క బోర్లా తిప్పినా, ఒక్క చివర మార్చినా మూడు-ఐదు తారుమారై ఫీడ్ చిల్లులే కుదరవు, వెంటనే తెలిసిపోతుంది. రెండూ కలిపి చేస్తే మాత్రం అన్నీ కుదురుతాయి, ప్రతి అక్షరం సరిగ్గానే వస్తుంది, వరస మాత్రం వెనక నుంచి ముందుకి ఉంటుంది. కాబట్టి టేపు పై ముఖం ఏదో, మొదలు ఏదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, పెన్సిల్ గీత చదవడానికి అడ్డు రాదు.

ఇక పాత టేపు పెట్టే ముందు తెలిసిన టేపుతో పరీక్ష చేయండి, ఇది వదిలేయొద్దు. మీ మెషిన్‌కే పంచ్ ఉంది కదా, లోకల్‌లో పెట్టి పంచ్ ఆన్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, పీ మూడూ పట్టుకుని రిపీట్ కీ నొక్కితే ఖాళీ లీడర్ పడుతుంది, అది అరడుగు తీయండి. తర్వాత యూ అక్షరం, నక్షత్రం గుర్తు, మళ్ళీ యూ, మళ్ళీ నక్షత్రం, ఇలా రెండు మూడు అడుగులు. యూ కోడ్ 1010101, నక్షత్రం కోడ్ 0101010, మీ కీబోర్డ్ ఈవెన్ ప్యారిటీ (చిల్లుల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్య అయ్యేలా ఎనిమిదో బిట్ చేర్చడం) ఇచ్చేదైతే ఎనిమిదో బిట్ కూడా ఒకసారి ఉండి ఒకసారి పోతుంది, అంటే ఎనిమిది పిన్నులూ ప్రతి అక్షరానికీ మారాల్సిందే. పాత ఐదు ట్రాకుల మెషిన్ల మీద ఆర్, వై అక్షరాలు మార్చి మార్చి కొట్టేవాళ్ళు, అక్కడ ఆర్ 01010, వై 10101, ఉద్దేశం ఒకటే.

ఈ టేపు తప్పుల్లేకుండా నడిచి మీ పాత టేపు నడవకపోతే దోషం టేపులో ఉందని రూఢి అయినట్టే. ఇదీ సరిగ్గా నడవకపోతే అప్పుడు తప్పులు ఒక పద్ధతిలో ఉన్నాయేమో చూడండి. ఉదాహరణకి మొదటి బిట్ కాంటాక్ట్ మురికి పట్టిందనుకోండి, సి బదులు బి వస్తుంది, ఇ బదులు డి వస్తుంది, బి మాత్రం బి లాగే వస్తుంది. అంకెల్లో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, బేసి అంకెలన్నీ ఒకటి తగ్గుతాయి, 1 కొడితే 0, 3 కొడితే 2, 5 కొడితే 4. ఇలా ఎప్పుడూ ఒకే బిట్ పోతుంటే అది కాంటాక్ట్ సమస్య, అప్పుడు ప్లగ్ పీకేసి పొడి బ్రష్‌తో శుభ్రం చేయండి, కాంటాక్టుల మీద నూనె మాత్రం వేయొద్దు. తప్పులు పద్ధతి లేకుండా ఎక్కడ పడితే అక్కడ ఉంటే టేపు కదలికే చూడాలి.

ప్లగ్ పీకమన్నది ఊరికే కాదు. లూప్ కరెంట్, అంటే టెలిటైప్‌ని లైన్‌కి కలిపే వైర్లలో నడిచే కరెంట్, 20 మిల్లీ ఆంప్సే కదా అని తేలిగ్గా తీసుకోకండి, ఆ కరెంట్ నడిపే సప్లై పాత సెటప్పుల్లో వంద వోల్టులు దాటి కూడా ఉంటుంది. లూప్ వైర్లు కూడా విడదీశాకే చెయ్యి పెట్టండి.

పాత టేపు సంగతి. చుట్ట విప్పాక వెంటనే రీడర్‌లో పెట్టొద్దు, ముందు వెలుతురుకి ఎదురుగా పట్టుకుని మొత్తం కంటితో చూడండి. నేను వెతికేవి మూడు. ఒకటి, చిల్లులో ఇంకా వేలాడుతున్న చిన్న కాగితం బిళ్ళ, పంచ్ పిన్నులు మొద్దుబారితే ఇలా అవుతుంది, పిన్ను దాన్ని తోసుకుని లేవొచ్చు, లేవకపోవచ్చు, అందుకే ఒకసారి చదివింది ఇంకోసారి చదవదు, మెత్తటి బ్రష్‌తో దులిపితే చాలావరకు పోతాయి. రెండు, సాగిన లేదా చిరిగిన ఫీడ్ చిల్లులు. మూడు, అంచు చిరుగులు, ఇవి మూత కింద ఇరుక్కుంటాయి. ఇంకొకటి, చాలా పాత ఐదు ట్రాకుల టేపుల్లో చిల్లు పూర్తిగా తెగకుండా మూతలాగా ఒక పక్క అతుక్కునే ఉంటుంది, పైన అక్షరాలు కూడా అచ్చై ఉంటాయి, అది లోపం కాదు, కావాలనే అలా చేసేవాళ్ళు, టేపు మీదే సందేశం చదువుకోవడానికి. వాటిని తెంపడానికి ప్రయత్నించకండి, పిన్నుల రీడర్ వాటిని తోసుకుని చదువుతుంది. వెలుగుతో చదివే ఆప్టికల్ రీడర్ మాత్రం చదవలేదు.

చుట్టలాగే బిగుసుకుపోయి ఉంటే వెనక్కి మడిచి సరిచేయాలని చూడొద్దు, పాత కాగితం పెళుసుగా ఉంటుంది, ఫీడ్ చిల్లుల దగ్గరే విరుగుతుంది. వదులుగా పరిచి, పైన తేలికపాటి బరువు పెట్టి ఒక రోజు వదిలేయండి. తెగిన చోట అతికేటప్పుడు రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి ఎక్కించకుండా ఆనించి, ఫీడ్ చిల్లుల దూరం ఒక పాత టేపు ముక్కతో సరిచూసి, పైన పల్చటి అతుకు వేసి చిల్లులు మళ్ళీ తెరవాలి. దూరం కాస్త తేడా పడినా అక్కడి నుంచి రెండు మూడు అక్షరాలు పోతాయి.

టేపులో ఎనిమిది చిల్లులూ పడిన వరసలు కనిపిస్తే కంగారు పడకండి, అది రబౌట్. టైప్ చేస్తూ తప్పు కొడితే పంచ్ మీద బ్యాక్‌స్పేస్ నొక్కి టేపుని వెనక్కి జరిపి, తప్పు అక్షరం మీద రబౌట్ కొట్టేవాళ్ళు, కాగితంలో పడిన చిల్లు పూడ్చలేం కానీ మిగతావి కూడా పొడిచేయొచ్చు కదా. ఆస్కీలో, అంటే అక్షరాలకి అంకెలు కేటాయించే కోడ్‌లో, 127కి చెరిపివేత అర్థం వచ్చింది ఇందుకే. లైను చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ తర్వాత కూడా రబౌట్ ఉంటుంది, అది తప్పు దిద్దడానికి కాదు, ప్రింటర్ క్యారేజ్ ఎడమకి వెళ్ళడానికి రెండు అక్షరాల సమయం పడుతుంది కాబట్టి వ్యవధి ఇవ్వడానికి. అది లేని టేపు నడిపితే క్యారేజ్ వెళ్తుండగానే లైను మధ్యలో ఒక అక్షరం పడుతుంది. కాగితం మీద కనిపించిన ప్రతి తప్పూ డేటాలో తప్పు కాదు, ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గర అక్షరాలు పోవడం. రీడర్ తనంతట తాను ఎవరి కోసమూ ఆగదని చెప్పాను కదా, మరి అవతలి కంప్యూటర్‌కి తీరిక లేకపోతే? అందుకోసమే ఎక్స్-ఆన్, ఎక్స్-ఆఫ్. కంప్యూటర్ ఎక్స్-ఆఫ్ పంపితే రీడర్ ఆగుతుంది, ఎక్స్-ఆన్ పంపితే మళ్ళీ మొదలవుతుంది. ఇప్పటికీ టెర్మినల్‌లో కంట్రోల్-ఎస్, కంట్రోల్-క్యూ వాడుతున్నాం, అవి ఇవే. కానీ అన్ని మోడల్ 33లకీ ఈ ఆటోమేటిక్ రీడర్ ఉండదు. లీవర్‌కి ఆటో అనే స్థానం ఉంటే అందులో పెట్టి, టేపు ఎక్కించి, లోకల్‌లో కంట్రోల్-క్యూ కొట్టండి, రీడర్ కదిలితే ఉన్నట్టు. ఉన్నా కూడా ఎక్స్-ఆఫ్ అందాక అప్పటికే మొదలైన అక్షరం పూర్తయ్యాకే ఆగుతుంది, ఒకటో రెండో అక్షరాలు అదనంగా వస్తాయి, మీ ప్రోగ్రామ్ వాటికి చోటు ఉంచాలి. టేపులోనే ఎక్స్-ఆఫ్ పొడిచేటప్పుడు దాని వెనకే ఒక రబౌట్ వేసేది కూడా ఇందుకే, దాటిపోయేది రబౌట్ అయితే నష్టం లేదు.

మీరు వాడేది ఇప్పటి కంప్యూటర్ కాబట్టి 110 బాడ్‌కి దానికి తీరిక లేకపోవడం జరగదు. మీ అక్షరాలు తినేస్తున్నది నా అంచనాలో సెట్టింగులే. పోర్టు 110 బాడ్, 8 డేటా బిట్లు, ప్యారిటీ లేదు, 2 స్టాప్ బిట్లు పెట్టండి, సాఫ్ట్‌వేర్ ఫ్లో కంట్రోల్ పూర్తిగా తీసేయండి, రా మోడ్‌లో, అంటే వచ్చినవి వచ్చినట్టే, చదవండి. ఫ్లో కంట్రోల్ ఆన్‌లో ఉంటే టేపులో వచ్చే 17, 19 విలువలను (ఎక్స్-ఆన్, ఎక్స్-ఆఫ్ కోడ్‌లు ఇవే) కంప్యూటర్ ఆజ్ఞలుగా తీసుకుని మింగేస్తుంది. ఏడు బిట్లు పెడితే ఎనిమిదో ట్రాక్ పోతుంది, ఉత్తరాలకి పర్లేదు కానీ బైనరీ టేపుకి, అంటే అక్షరాలు కాక ప్రోగ్రామ్ కోడ్ ఉన్న టేపుకి, అది ప్రాణం, డెక్ కంపెనీ పాత కంప్యూటర్ పీడీపీ-8 బైనరీ టేపుల్లో లీడర్ అంటేనే ఒక్క ఎనిమిదో ట్రాక్ మాత్రమే పొడిచి ఉండటం. కొన్ని యూఎస్‌బీ సీరియల్ కేబుళ్ళు 110 బాడ్ ఇవ్వలేవు, ఇస్తున్నట్టు చూపించి వేరే స్పీడులో నడుస్తాయి, కేబుల్ మార్చి చూడండి.

బైనరీ టేపులకి ఇంకో జాగ్రత్త. లోకల్‌లో గానీ, పంపినది మళ్ళీ మన ప్రింటర్‌కే వచ్చే హాఫ్ డ్యూప్లెక్స్‌లో గానీ బైనరీ టేపు నడపొద్దు. టేపులో యాదృచ్ఛికంగా వచ్చే విలువలని ప్రింటర్ కంట్రోల్ కోడ్‌లనుకుంటుంది, మధ్యలో రీడర్‌ని ఆపేస్తుంది, పంచ్ ఆన్ చేస్తుంది, ఎన్‌క్వైరీ కోడ్ వస్తే ఆన్సర్‌బ్యాక్ డ్రమ్ తిరిగి తన గుర్తింపు కూడా మీ డేటాలో కలిపేస్తుంది. నేను ఒక టేపు నాలుగుసార్లు చదివి నాలుగుసార్లూ ఒకే చోట ఆగిపోతే అక్కడ టేపు చిరిగిందేమో అని భూతద్దం పెట్టి వెతికాను. అక్కడ ఉన్నది 19, అంటే ఎక్స్-ఆఫ్. ఫుల్ డ్యూప్లెక్స్‌కి మార్చాక ఒక్కసారికే చివరిదాకా వెళ్ళింది.

మీ దగ్గర ఐదు ట్రాకుల టేపులు కూడా ఉన్నాయని చివర్లో రాశారు. అవి ఈ రీడర్‌లో పట్టవు, ఆ టేపు వెడల్పు 11/16 అంగుళం, మీది ఒక అంగుళం. ఐదు బిట్లతో 32 కోడ్‌లే వస్తాయి కాబట్టి వాటిలో లెటర్స్, ఫిగర్స్ అని రెండు షిఫ్టులు ఉంటాయి, ఒకే కోడ్ లెటర్స్‌లో క్యూ, ఫిగర్స్‌లో 1. ఒక్క షిఫ్ట్ కోడ్ తప్పు చదివితే తర్వాతి షిఫ్ట్ వచ్చేదాకా మొత్తం తారుమారు, అంకెలు ఉండాల్సిన చోట క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్ వస్తుంటే అదే జరిగిందని తెలుసుకోండి. టెలెక్స్, అంటే టెలిటైప్‌ల మధ్య సందేశాలు పంపే నెట్‌వర్క్, ఈ కోడ్ మీదే 50 బాడ్‌లో నడిచేది, నిమిషానికి 400 అక్షరాలు. మనిషి అంత వేగంగా ఆగకుండా కొట్టలేడు, లైను మీద గడిచిన సమయానికే డబ్బు కట్టాలి, అందుకే ముందు తీరిగ్గా టేపు పొడుచుకుని, కనెక్షన్ దొరికాక రీడర్‌తో ఒక్క ఊపులో పంపేవాళ్ళు.

ఆప్టికల్ రీడర్ కొనమంటారా అని కూడా అడిగారు. టేపులు వందల్లో ఉంటే కొనండి, డెక్ వాళ్ళవి సెకనుకు 300 అక్షరాలు చదివేవి, పిన్నులు తగలవు కాబట్టి టేపుకి నొప్పి తక్కువ. అందులో ఫీడ్ చిల్లుని గడియారంలా కూడా వాడుకోవచ్చు, ఫీడ్ చిల్లు డేటా చిల్లు కంటే చిన్నది కాబట్టి దానిలోంచి వెలుగు వచ్చే సమయానికి డేటా చిల్లులు అప్పటికే పూర్తిగా తెరుచుకుని ఉంటాయి. పళ్ళతో లాగడం వేగానికి పనికిరాదని 1943లోనే బ్రిటన్ యుద్ధకాల కోడ్ ఛేదన కేంద్రం బ్లెచ్లీ పార్క్‌లో, హీత్ రాబిన్సన్ అనే కోడ్ ఛేదించే మెషిన్ మీద తెలిసొచ్చింది, రెండు టేపులని పళ్ళతో జత కలిపి నడపబోతే సాగి తెగేవి, తర్వాత టామీ ఫ్లవర్స్ కట్టిన కొలోసస్ ఒక్క టేపుని చక్రాల రాపిడితో నడిపి, ఫీడ్ చిల్లులని కేవలం సమయానికి వాడుకుని సెకనుకు 5000 అక్షరాలు చదివింది. కానీ మీ పసుపు రంగు నూనె టేపులకి ఆప్టికల్ అంటే జాగ్రత్త. నూనె కాగితంలోంచి వెలుగు కొంత దూరుతుంది, లేని చిల్లులు ఉన్నట్టు చదువుతుంది. నా దగ్గర అలాంటివి వస్తే ముందు మోడల్ 33 మీదే చదివి, రెండోసారి కూడా చదివి, రెండు ఫైళ్ళూ పోల్చి చూస్తాను. తేడా ఉన్నచోట టేపు పట్టుకుని ఆ వరస చిల్లులు కంటితో లెక్కపెడతాను.

ముందు గిన్నెలో వదులుగా వేసి ఆ యూ-నక్షత్రం టేపు ఒక్కటి నడపండి, ఏం వచ్చిందో ప్రింట్ ఫొటో పెట్టండి. తప్పులు ఏ బిట్‌లో ఉన్నాయో చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను.